కాలువకు సరిపడే మిషన్ కొనండి, బెడ్డు దానంతటదే నిలుస్తుంది

ప్రశ్న: మాది అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం మండలం. అరవై సెంట్లలో ఎత్తు బెడ్ల మీద డ్రిప్పుతో టమాట, వంగ, క్యారెట్, ఆకుకూరలు వేస్తాం. ఎర్రనేల, గులకరాళ్ళు ఎక్కువ. మూడేళ్ళ కిందట ట్రాక్టర్‌తో బెడ్లు తీయించాం. నూరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మధ్యలో అడుగు కాలువ. ఇప్పుడు అంచులన్నీ జారిపోయి కాలువలు పూడిపోయాయి. మల్చింగ్ షీటు పరిస్తే గాలికి లేచిపోతోంది. ప్రతి పంటకూ పారలతో సర్ది, కాలువ మట్టి ఎత్తి పోయాలంటే కూలీలు దొరకడం లేదు, దొరికినా గిట్టడం లేదు. 7 హెచ్‌పి పవర్ వీడర్ కొందామని షాపుకు వెళ్తే రోటరీ, రిడ్జర్, బెడ్ మేకర్, మడక, ఇనుప చక్రాలు అన్నీ కలిపి సెట్టుగా తీసుకోమంటున్నారు. మైదుకూరు దగ్గర మా పుట్టింట్లో పవర్ టిల్లర్ ఉంది, దానితో సరిపెట్టుకోవచ్చా అని మా ఆయన ఆలోచన. ఇటలీ మిషన్లకు మర లాంటి మడక తగిలించి బెడ్లు కట్టడం వీడియోల్లో చూశాం. మాకు ఏది పనికొస్తుంది? మా ఆయన ఊర్లో లేనప్పుడు నేను ఒక్కదాన్నే నడపగలనా అన్నా?

సమాధానం:

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. షాపువాళ్ళు చూపించిన సెట్టులో మీకు కావాల్సినవి రెండే. తిరుగుతూ నేల దున్నే రోటరీ ఒకటి, దాని బ్లేళ్ళు బోల్టులతో విడివిడిగా ఊడదీయగలిగేలా ఉండాలి. కాలువ తీసి మట్టిని పక్కలకు ఎత్తే రిడ్జర్ ఒకటి, దాని రెక్కలు దగ్గరకీ దూరానికీ సర్దుకునేలా ఉండాలి. బెడ్ మేకర్ వద్దు, మడక వద్దు. ఇనుప చక్రాల సంగతి తర్వాత చూద్దాం. అయితే ఈ రెండూ కొన్నా, ఇప్పుడున్న కాలువలో మీ మిషన్ దిగదు. కాబట్టి షాపుకు మళ్ళీ వెళ్ళేముందు టేపు పట్టుకొని తోటలోకి వెళ్ళాలి.

మీరు అడిగింది బెడ్లు సర్దే పనిముట్టు గురించి. నేను చెప్పేది కాలువ గురించి. బెడ్డు మీద నుంచి జారిన మట్టి ఎక్కడికీ పోలేదు, పక్క కాలువలోనే ఉంది. దాన్ని వదులు చేసి, రెండు పక్కలకూ ఎగదోస్తే బెడ్డు ఎత్తూ వస్తుంది, కాలువా శుభ్రమవుతుంది. బెడ్డు మీదికి మిషన్ ఎక్కాల్సిన పనే లేదు. మూడేళ్ళుగా మీరు వేసిన పశువుల ఎరువు, కుళ్ళిన ఆకు, వేర్లు అల్లుకున్న గుల్ల మట్టి అక్కడుంది. దాన్ని ప్రతి పంటకూ రోటరీతో పిండి చేస్తే మన ఎర్రనేల ఏం చేస్తుందో మీకు తెలియనిది కాదు. మొదటి గట్టి వానకే పైన పెచ్చు కట్టేస్తుంది. క్యారెట్ గింజ, తోటకూర గింజ ఆ పెచ్చును పగలగొట్టుకొని రాలేవు. పైగా ఒకే లోతులో పదే పదే రోటరీ తిప్పితే ఆ బ్లేళ్ళ కింద నేల గట్టి పొరలా తయారవుతుంది, నీళ్ళు అక్కడే ఆగిపోతాయి. బెడ్డు మీద దంతెతో రెండు మూడంగుళాలు కదిలిస్తే చాలు. లోతు పనంతా కాలువలోనే.

ఇక కొలతలు. మీ బెడ్డు నాలుగడుగులు, కాలువ ఒకడుగు. అంటే ఒక కాలువ మధ్య నుంచి పక్క కాలువ మధ్యకు ఐదడుగులు. ఈ ఐదడుగులను మాత్రం కదిలించకండి. మీ డ్రిప్పు సబ్ మెయిన్ పైపుకు లేటరల్స్ (బెడ్ల మీద పరిచే సన్న పైపులు) కోసం వేసిన రంధ్రాలు దీన్నిబట్టే ఉంటాయి. బెడ్ల మధ్య దూరం మార్చారంటే ఆ రంధ్రాలకు మూతలు (డమ్మీలు) కొట్టుకుంటూ, కొత్తవి వేసుకుంటూ ఉండాలి, ఖర్చూ తలనొప్పీ. ఆ ఐదడుగుల లోపలే పంపకం మార్చండి. బెడ్డు పైభాగం మూడడుగులు, కాలువ అడుగు భాగం ఒకడుగు, రెండు పక్కలా వాలుకు అరడుగు చొప్పున. పైనుంచి చూస్తే కాలువ నోరు రెండడుగులు, లోతు అరడుగు. ఒక్క అడుగు నేల పోతుందని బాధ పడకండి. ఇప్పుడు మీ నాలుగడుగుల బెడ్డులో రెండు అంచులూ జారిపోయి, అక్కడ నాటిన మొక్క వేరు బయటపడి ఎండిపోతూనే ఉంటుంది. అంటే ఆ అడుగు ఇప్పటికే పోయింది, మీరు లెక్కలో రాసుకోలేదంతే.

అంచులు ఎందుకు జారుతున్నాయో కూడా ఇక్కడే తేలిపోతుంది. పారతో సర్దేటప్పుడు కూలీలు అంచును గోడలా నిలువుగా చెక్కుతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇసుక పాలు ఉన్న ఎర్రమట్టి నిలువుగా నిలవదు. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే అయినా, అందులో పెద్ద వాటా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో కొద్దిరోజుల్లోనే దంచి పోస్తుంది. రెండు గట్టి వానలకు నిలువు అంచు మొత్తం కాలువలో ఉంటుంది. అరడుగు ఎత్తుకు అరడుగు వాలు ఇస్తే అంచు నిలుస్తుంది. రిడ్జర్ రెక్క సహజంగానే ఇలాంటి వాలు తీస్తుంది, అందుకే దాన్ని కొనమన్నాను.

మల్చింగ్ షీటు లేచిపోవడానికీ ఇదే కారణం. మామూలుగా దొరికే షీటు నాలుగడుగుల వెడల్పు. మీ బెడ్డూ నాలుగడుగులే. ఇంక మట్టిలో దూర్చడానికి మిగిలేదేముంది? పైభాగం మూడడుగులు చేస్తే రెండు పక్కలా ఆరేసి అంగుళాలు వాలు మీదికి దిగుతుంది. అంచును మట్టితో కప్పి తొక్కితే ఆషాఢం గాలికి కూడా కదలదు. లేటరల్స్ రెండూ అంచు నుంచి తొమ్మిదేసి అంగుళాలు లోపలికి జరపండి, మధ్యలో అడుగున్నర ఉంటుంది. టమాటకు, వంగకు అది చక్కగా సరిపోతుంది.

బెడ్ మేకర్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. నూరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అరడుగు ఎత్తు అంటే 150 ఘనపుటడుగుల మట్టి. బరువు చూస్తే ఆరు టన్నుల దాకా ఉంటుంది. ఒక్క బెడ్డుకే అంత. నూరు కిలోలు కూడా లేని మిషన్ వెనక రేకు పలకలు కట్టి అంత మట్టిని నెట్టుకు రమ్మంటే అది ఉన్నచోటే తవ్వుకుంటుంది గానీ ముందుకు పోదు. షోరూం ముందర వదులు మట్టిలో పదడుగులు నడిపి చూపిస్తే బాగానే ఉంటుంది. గులకరాళ్ళున్న మీ నేలలో నడవదు. కొత్తగా బెడ్లు కట్టడం 40 హెచ్‌పి ట్రాక్టర్ పని, అది మీరు మూడేళ్ళ కిందటే చేయించేశారు. ఇప్పుడు మీరు కదిలించాల్సింది జారిన రెండంగుళాల మట్టినే. ఆ పనికి 7 హెచ్‌పి మిషన్ చాలు.

రోటరీ విషయంలో షాపులవాళ్ళు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. ఇది తెలిస్తే సగం పని అదనపు పనిముట్టు లేకుండానే అయిపోతుంది. ఇరుసుకు బిగించిన బ్లేళ్ళను దగ్గరగా చూడండి. ఎల్ ఆకారంలో ఒక్కోటి ఒక్కో పక్కకు వంగి ఉంటుంది, కొన్ని గేర్‌బాక్సు వైపు, కొన్ని బయటికి. ఇలా కలిపి బిగిస్తే నేల సమంగా దున్నుతుంది. వంపులన్నీ లోపలికి, గేర్‌బాక్సు వైపు ఉండేలా బిగిస్తే మట్టి మధ్యకు చేరి గట్టులా లేస్తుంది. వంపులన్నీ బయటికి ఉండేలా బిగిస్తే మట్టి రెండు పక్కలకూ ఎగిరి మధ్యలో కాలువ పడుతుంది. మీకు కావాల్సింది ఈ మూడోది. ఇలా మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. బ్లేడును అలాగే వెనక్కి తిప్పి బిగించకూడదు. ఎడమ పక్కనున్న బ్లేళ్ళలో గేర్‌బాక్సు వైపు వంగినవి ఊడదీసి కుడి పక్కన, కుడి పక్కన అలా వంగినవి ఎడమ పక్కన వేసుకోవాలి. బిగించాక చేత్తో నెమ్మదిగా ఇరుసు తిప్పి చూడండి, ప్లగ్గు వైరు తీసేసి. పదునైన అంచే ముందు నేలను తాకాలి. మొద్దు అంచు ముందుకొస్తే మిషన్ నేల మీద ఎగిరెగిరి పడుతుంది, మీ భుజాలు పోతాయి.

అందుకే బోల్టుల బ్లేళ్ళున్న రోటరీయే అడగమన్నాను. కొన్ని మిషన్లకు బ్లేళ్ళు ఇరుసుకు వెల్డింగ్ చేసి ఉంటాయి. వాటితో ఈ మార్పు కుదరదు, ఒక బ్లేడు రాయికి తగిలి విరిగితే మొత్తం ఊడదీయాలి. ఇంకో పరీక్ష కూడా చేయండి. బయటి వరస బ్లేళ్ళను తీసేసి, లోపలి వరసలతో మాత్రమే నడపగలగాలి, అప్పుడు వెడల్పు అడుగున్నర లోపు ఉండాలి. మొత్తం సెట్టుతో మూడడుగులు దున్నే మిషన్ అయినా పర్వాలేదు, తగ్గించుకోవడానికి వీలుందా లేదా అన్నదే లెక్క. మీ నేలలో గులకరాళ్ళున్నాయి కాబట్టి ఎల్ బ్లేళ్ళతో పాటు కొంచెం వంపు తిరిగిన సి ఆకారం బ్లేళ్ళు ఒక జత సెట్టు అడగండి. గట్టినేలలో అవి తక్కువ అదురుతాయి. గడ్డి ఉన్నచోట మాత్రం ఎల్ బ్లేళ్ళే మేలు.

ఇక రిడ్జర్. ముందు కొన పదునుగా, వెనక రెండు రెక్కలు రేకుతో ఉంటాయి. రెక్కలు సర్దే బోల్టులు, లోతు మార్చే రంధ్రాలు కాడకు ఉన్నాయా లేదా చూసుకోండి. ఏమీ సర్దలేని రిడ్జర్ చవగ్గా వస్తుంది, కొనొద్దు. మీ కాలువ నోరు రెండడుగులు కాబట్టి రెక్కల వెనక చివరలు అడుగున్నరకు తక్కువ కాకుండా తెరుచుకోవాలి. మిషన్ వెనక లోతు కడ్డీ బిగించే చోటే రిడ్జర్ పిన్ను దిగుతుంది. ఒక కంపెనీ రిడ్జర్ ఇంకో కంపెనీ మిషన్‌కు పట్టకపోవచ్చు. కాబట్టి షాపులోనే తగిలించి చూడండి, ఇంటికొచ్చాక వెల్డింగ్ షాపు చుట్టూ తిరిగే టెన్షన్ మనకెందుకు.

పని చేసే వరస ఇది. పాత పంటను పీకవద్దు, నేల మట్టానికి కోసేయండి, వేర్లు మట్టిలోనే కుళ్ళనివ్వండి. షీటు ముక్కలు ఒక్కటీ మిగలకుండా ఏరేయాలి. లేటరల్స్ చుట్టలు చుట్టి పక్కన పెట్టాలి. పాత షీటుగానీ, 16 మిల్లీమీటర్ల లేటరల్ గానీ ఇరుసుకు చుట్టుకుంటే సీలు దెబ్బతిని గేర్‌బాక్సు ఆయిల్ కారుతుంది. పశువుల ఎరువు ముందే బెడ్ల మీద పరచండి, కాలువ నుంచి లేచిన మట్టి దాని మీద పడి కప్పేస్తుంది. ఆ తర్వాత కాలువ తడి చూడాలి. నేల గట్టిగా ఉంటే ముందు రోజు సాయంత్రం కాలువల్లో కాస్త నీళ్ళు వదలండి. తెల్లారి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి. ముద్దగా నిలిచి, బొటనవేలితో తడితే పొడిగా విరిగిపోవాలి. వేలికి జిగటగా అంటుకుని నున్నగా మెరిస్తే ఇంకొక పూట ఆగండి.

మొదటిసారి రోటరీ ఒక్కటే, రిడ్జర్ లేకుండా, మూడు నాలుగు అంగుళాల లోతులో కాలువ పొడవునా పోనివ్వండి. జారిన మట్టి వదులై సగం పక్కలకు ఎగురుతుంది. గేర్‌బాక్సు కింద మధ్యలో సన్నని చార దున్నకుండా మిగిలిపోతుంది, కంగారు పడొద్దు. రెండోసారి రిడ్జర్ తగిలించి వస్తే దాని కొన ఆ చారను చీల్చుకుంటూ పోతుంది, రెక్కలు మట్టిని బెడ్డు భుజం మీదికి ఎత్తుతాయి. ఒకేసారి లోతుగా వేయాలని ఆశపడితే మిషన్ ముందుకు పోక గుంత తవ్వుకుంటుంది. రిడ్జర్‌ను మొదట పై రంధ్రంలో పెట్టి తేలిగ్గా, మళ్ళీ ఒక రంధ్రం దించి రెండోసారి, ఇలా రెండు విడతలుగా తీస్తే మిషనూ అలవదు, మీరూ అలవరు. హ్యాండిల్‌ను కిందికి నొక్కితే వేగం తగ్గి లోతు దిగుతుంది, కొంచెం పైకి ఎత్తితే ముందుకు ఉరుకుతుంది. దీనికి చెయ్యి అలవాటు కావడానికి ఒకటి రెండు కాలువలు పడుతుంది.

చివరికి బెడ్డు భుజాల మీద చిన్న గట్టులా మట్టి నిలిచి ఉంటుంది. దాన్ని దంతెతో మధ్యకు లాగి, ఒక చెక్క పలకకు తాడు కట్టి ఇద్దరూ అటూ ఇటూ పట్టుకొని లాగితే పైభాగం సమమవుతుంది. ఈ పనికి మిషన్ వెతక్కండి. డ్రిప్పు నీరు సమంగా దిగాలంటే పైభాగం పలక లాగినట్టు చదునుగా ఉండాలి, అది చేతి పనితోనే బాగా వస్తుంది.

బెడ్ల చివర తిరగడానికి చోటుందా? మీరు రాయలేదు. ఐదారు అడుగుల ఖాళీ రెండు వైపులా ఉండాలి, సబ్ మెయిన్ పైపు ఆ దారిలో పైకి తేలి ఉండకూడదు. లేకపోతే ప్రతి కాలువ చివరా మిషన్‌ను ఎత్తి తిప్పాలి, ఆ పని ఆడవాళ్ళకే కాదు, మగవాళ్ళకైనా కష్టమే. అవసరమైతే ప్రతి బెడ్డూ ఐదడుగులు కురచ చేసుకోండి.

ఇప్పుడు పుట్టింటి పవర్ టిల్లర్ మాట. అది మంచి మిషనే. మన దేశంలో ఎక్కువగా కనిపించే 12, 13 హెచ్‌పి టిల్లర్లు, బెంగళూరు వీఎస్‌టీవి గానీ కేరళ కామ్కోవి గానీ, మడి దున్నడానికి, బరువు లాగడానికి తయారైనవి. రోటరీ వెడల్పే రెండడుగులు, బరువు నాలుగు క్వింటాళ్ళ చుట్టుపక్కల. మైదుకూరు వైపు పసుపు చేలలో, కేసీ కాలువ కింద వరి మళ్ళలో దానికి తిరుగు లేదు. మీ అడుగు కాలువలో మాత్రం దాని చక్రాలు బెడ్ల భుజాలు తొక్కుకుంటూ పోతాయి. అయినా దాన్ని ఒక్కసారి వాడుకోవచ్చు. ఇప్పుడు కాలువలు రెండడుగుల నోటికి వెడల్పు చేయాలి కదా, ఎలాగూ అంచులు తెగాల్సిందే. ఆ మొదటి పనికి టిల్లర్‌ను రప్పించి, వెనక తోక చక్రం స్థానంలో రిడ్జర్ తగిలించి ఒక విడత తీయించేయండి. కూలి ఖర్చు చాలా కలిసొస్తుంది. ఆ తర్వాత ఏటా మెయింటెనెన్స్ మీ చిన్న మిషన్ చూసుకుంటుంది. రవాణా ఖర్చు మరీ ఎక్కువైతే మీ దగ్గరే అద్దెకు దొరుకుతుందేమో విచారించండి.

వీడియోలో మీరు చూసిన మర మడక రోటరీ ప్లౌ. నిలువు ఇరుసు మీద మర బ్లేళ్ళు తిరుగుతూ నేలను తవ్వి మట్టిని ఒక పక్కకే విసురుతుంది. బెడ్డుకు అటు ఒకసారి, ఇటు ఒకసారి వెళ్తే ఎత్తు బెడ్డు లేచి నిలబడుతుంది. నిజంగా అద్భుతమైన పనిముట్టు, ఇందులో రెండో మాట లేదు. కానీ దానికి ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్ట్ ఉన్న రెండు చక్రాల ట్రాక్టర్ కావాలి. మన షాపుల్లో అమ్మే, చక్రాల స్థానంలోనే బ్లేళ్ళు తిరిగే పవర్ వీడర్‌కు అది తగిలించడం కుదరదు. అలాంటి ట్రాక్టర్‌తో పాటు పవర్ హారో కూడా దొరుకుతుంది, మట్టిని తిరగేయకుండా పైపైన మాత్రమే గుల్ల చేస్తుంది. రెండూ కలిపితే ఖరీదు మీ అరవై సెంట్ల తోట మోయలేదు. పదిమంది కూరగాయల రైతులు సంఘంగా కొని పంచుకుంటే అది వేరే మాట, అప్పుడు కూడా విడిభాగాలు ఎన్నిరోజుల్లో వస్తాయో రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

ఇనుప చక్రాల గురించి తర్వాత చూద్దామన్నాను. రోటరీ తీసేసి, చక్రాలు వేసి రిడ్జర్‌ను లాగించడానికి అవి పనికొస్తాయి. కానీ అప్పుడు ముందు మట్టి వదులు చేసేవాళ్ళు ఉండరు, తేలిక మిషన్ గట్టినేలలో చక్రాలు జారుతుంది. మీకు ఇప్పట్లో అవసరం లేదు. ఇదే ప్రశ్న ఆదోని, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి రైతులు అడిగితే నా జవాబు వేరుగా ఉంటుంది. అక్కడ టైరు చక్రం బంకమట్టిలో జారిపోతుంది కాబట్టి ఇనుప చక్రాలు తప్పవు, పదును తప్పిన రోజు మిషన్ దింపనే కూడదు. తడిగా ఉన్నప్పుడు రెక్క తగిలిన రేగడి ఇటుకలా ఎండిపోయి పంట అయ్యేదాకా కరగదు.

కొనే ముందు రెండు పనులు చేయండి. మీకు దూరం కాని గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, 1983 నుంచి నడుస్తోంది. పవర్ టిల్లర్ల లాంటి యంత్రాలను పరీక్షించి రిపోర్టులు ఇస్తారు, రైతులకు శిక్షణ కూడా ఇస్తారు. మీరు చూసిన మోడల్‌కు ప్రభుత్వ పరీక్ష రిపోర్టు ఉందా అని షాపులో అడగండి. ఉంటే అందులో బరువు, దున్నే వెడల్పు, ఇంధనం ఖర్చు, హ్యాండిల్ అదురు అన్నీ రాసి ఉంటాయి. సబ్సిడీకి కూడా ఆ రిపోర్టు అవసరం. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం కింద సన్న, చిన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీ రైతులకు 50 శాతం వరకు, మిగతావాళ్ళకు 40 శాతం వరకు, ఒక పరిమితికి లోబడి ఇచ్చే పద్ధతి ఉంది. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఈ ఏడాది జాబితాలో ఏ మోడళ్ళు ఉన్నాయో చూసి, పట్టా మీ పేరు మీద ఉంటే మీ పేరుతోనే దరఖాస్తు పెట్టండి. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం మీ మండలంలోనే ఉంది, వాళ్ళనూ ఒకసారి కలవండి, మట్టి పరీక్ష కూడా చేయించుకోవచ్చు. రెండో పని, డెమో మీ తోటలోనే, మీ కాలువలోనే ఇవ్వమని పట్టుబట్టండి. షోరూం ముందు కాదు. ఇవ్వనంటే ఇంకో షాపు చూసుకోండి.

ఇక మీరు చివర్లో అడిగింది. ఒక్కరే నడపగలరు. అయితే మిషన్ ఎంచుకునేటప్పుడు నడపబోయేది మీరే అన్నట్టు చూడాలి, మీ ఆయన ఎత్తుకూ బలానికీ కాదు. డీజిల్ ఇంజన్ బరువెక్కువ, తాడు లాగి స్టార్ట్ చేయడం కష్టం. పెట్రోల్ 7 హెచ్‌పి తీసుకోండి, మొత్తం బరువు తొంభై కిలోలు దాటకుండా చూడండి. షాపులోనే మీరే మూడుసార్లు స్టార్ట్ చేయండి, సేల్స్‌మన్ చేత కాదు. హ్యాండిల్ మీ నడుము ఎత్తుకు సర్దాలి, పక్కకు కూడా తిరిగితే ఇంకా మంచిది, దున్నిన మెత్తటి మట్టిని తొక్కకుండా పక్కనుంచి నడవచ్చు. రివర్స్ గేరు ఉంటే జాగ్రత్త. చక్రాల స్థానంలో బ్లేళ్ళు తిరిగే మిషన్‌లో రివర్స్ వేస్తే బ్లేళ్ళే వెనక్కి తిరుగుతాయి. అలా వెనక్కి వచ్చే మిషన్‌కూ మీ కాళ్ళకూ మధ్య ఏమీ ఉండదు. కాబట్టి బ్లేళ్ళు బిగించి ఉన్నప్పుడు రివర్స్ వేయొద్దు.

పిడి వదిలేస్తే క్లచ్ దానంతటదే పడి బ్లేళ్ళు ఆగిపోవాలి. డెమో రోజున ఈ ఒక్కటీ మీ చేత్తో పరీక్షించండి. కొందరు మెకానిక్‌లు ప్రతిసారీ పట్టుకోవడం చేతినొప్పి అని ఆ పిడిని తాడుతో కట్టేస్తారు, మీ మిషన్‌కు ఎవరినీ అలా చేయనివ్వొద్దు. చీర కొంగు నడుముకు బిగించి దోపుకోవడం సరిపోదు, పంజాబీ డ్రెస్సో ప్యాంటో వేసుకొని, చున్నీ ఇంట్లో పెట్టి, కాళ్ళకు గమ్‌బూట్లు తొడుక్కోండి. గడ్డి చుట్టుకుందని బ్లేళ్ళ మీదికి వంగే ముందు ఇంజన్ ఆపి, ప్లగ్గు వైరు లాగేయండి. మీ ఆయన లేని రోజున నడిపేటప్పుడు పక్క తోటలో ఎవరో ఒకరికి చెప్పి మొదలుపెట్టండి. గులకరాయి తగిలి మిషన్ ఎగిరితే పట్టుకొని ఆపాలని చూడకండి, పిడి వదిలేయండి.